గదులు చేర్చుట: బిలాస్‌పూరు తెలుగువారి ఇండ్లు, ఒక పరిశీలనము

తెలుగున ఇల్లు అను మాటకు రెండర్థములు కలవు. కుటుంబము నివసించు కట్టడమంతయు ఇల్లే. అందలి యొక్కొక్క భాగమును ఇల్లే. వంటిల్లు, పడకటిల్లు, నట్టిల్లు, పురిటిల్లు అను సమాసములలో ఇల్లనగా గది యనియే అర్థము. నాలుగు వైపుల సాలలు తీర్చి నడుమ ఆకాశమును విడిచిన కట్టడమును నాలుగిండ్ల లోగిలి యనుటయు ఇందువలననే. ఇట్టి భాషలో ఇంటికి గది చేర్చుట యనగా ఉన్న ఇంటి ప్రక్కను ఇంకొక ఇంటిని నిలుపుటయే యగును.

పై సమాసములలో రెండవ విశేషము కూడ కలదు. గదికి పేరు అందు జరుగు పనినిబట్టియో, అది యుండు చోటునుబట్టియో ఏర్పడినది. వంట, పడక, పురుడు అనునవి పనులు. నడుమ, వీధి, పెరడు అనునవి చోటులు. మనుష్యుని పేరుమీద గదిని వ్యవహరించుట పూర్వపు పదజాలమున మిక్కిలి అరుదు. ప్రాచీనమైన అఱ శబ్దము తమిళమునందలి అఱై శబ్దమునకు తోబుట్టువు. అదియు గదికి, పెట్టెలోని విభాగమునకు, వస్తువు దాచు చోటికి చెల్లినదే కాని ఫలానావారి స్వస్థానమను భావమును మోయలేదు. అబ్బాయి గది, అమ్మాయి గది అను వ్యవహారములు నిన్న మొన్నటివి. ఇవి యే పరిస్థితిలో పుట్టినవో, పుట్టిన కొలది యేండ్లకే ఏల అర్థమును కోల్పోవుచున్నవో పరిశీలించుటకు స్వస్థలమునందలి తెలుగువారికంటె ప్రవాసాంధ్రుల ఇండ్లు ఎక్కువ అనువుగా నున్నవి. అందు బిలాస్‌పూరు రైల్వే పట్టణమొకటి.

పూర్వపు పద్ధతిని ముందు చెప్పవలెను. పెంకుటింటికిగాని తాటాకుటింటికిగాని చోటు చాలనప్పుడు చూరునుండి వాసములను క్రిందికి సాగించి వసారా దించుట తెలుగుదేశమంతటను తెలిసిన ఉపాయము. ఎత్తు తగ్గుచు వచ్చును గనుక ‘దించుట’ యనిరి. పిదప ఆ వసారాకు ఇరువైపుల గోడ పెట్టినచో గది యగును. మేడ విషయమున మాత్రము ‘ఎత్తుట’ యందురు. ఉత్తరాంధ్ర తీరమునందలి చుట్టిల్లు ఈ యుపాయమునకు లొంగదు. గుండ్రని గోడకు గది అతుకదు. చోటు కావలసినచో అదే దొడ్డిలో ఇంకొక చుట్టిల్లు వేయవలసినదే. ఇల్లనగా గది, గది యనగా ఇల్లు అను సమీకరణము అచ్చట కంటికి కనబడును. ఇట్టి పలుకుబళ్ళను పనివారి నోటనుండి సేకరించు కార్యమునకు భద్రిరాజు కృష్ణమూర్తిగారు 1962లో వెలువరించిన వ్యవసాయ సంపుటముతో మాండలిక వృత్తిపదకోశము ఆరంభమైనది; ఆ వరుసలోనే బూదరాజు రాధాకృష్ణగారు గృహనిర్మాణ పదములను సంకలించిరి. వాడుక చెడిన పిదప ఇండ్లను చూచి పేర్లను ఊహించుటకంటె, ఇండ్లు నిలిచియుండగనే పేర్లను వ్రాసికొనుట మేలని ఆ సంపుటము తెరచినవారికి తోచకపోదు.

పూర్వము గది యెప్పుడు చేర్చెడివారు? కొడుకునకు పెండ్లి కుదిరినప్పుడు. కోడలు రానున్నది, కొడుకు పోడు. కావున గది అక్కరయైనది. కూతురు పోవును గనుక ఆమెకై గది కట్టుట యనునది ఎవరి తలపునకును రాలేదు. ‘ఇల్లు కట్టి చూడు, పెండ్లి చేసి చూడు’ అను సామెత ఈ రెండు వ్యయములను ఒక్క ఊపిరిలో చెప్పుటకు కారణము వాని కష్టము మాత్రమే యనుకొనరాదు. అవి తరచుగ ఒక్క యేడాదిలోనే తటస్థించెడివి.

శాస్త్రము సయితము ఇంటిని పెంచుటను సులభకార్యముగ చూడలేదు. ఆరవ శతాబ్దివాడైన వరాహమిహిరుడు బృహత్సంహిత వాస్తువిద్యాధ్యాయమున ఇంటిని పెంపగోరువాడు నాలుగు ప్రక్కలను సమముగ పెంపవలెననియు, ఒక్క ప్రక్కనే పెంచుట దోషమనియు, తప్పనిచో తూర్పునగాని ఉత్తరమునగాని పెంపవలెననియు చెప్పెను. అంతటితో ఆగక, తూర్పు పెరిగినచో మిత్రులతో వైరము, దక్షిణము పెరిగినచో మృత్యుభయము, పడమర పెరిగినచో అర్థనాశము, ఉత్తరము పెరిగినచో మనస్తాపము కలుగునని ఫలములను కూడ లెక్కించెను. అనగా అనుమతించిన రెండు దిక్కులును నిర్దోషములు కావు. ఉన్నవానిలో స్వల్పదోషములు మాత్రమే. నేటి వాస్తు పండితులు ఈశాన్యము పెరిగిన లాభమని చెప్పునప్పుడు ఈ మాటను సాధారణముగ జ్ఞాపకము చేయరు. ఇరువది ముప్పది అడుగుల వెడల్పు గల పట్టణపు స్థలములో నాలుగు ప్రక్కల సమముగ పెంచుట యెటులును కుదరదు. ఎటు జరిపినను ప్రక్కవాని గోడ. మిత్రవైరమను ఫలమును శాస్త్రజ్ఞానము లేకయే గ్రహింపవచ్చును.

ఇక బిలాస్‌పూరు. 1887లో ఏర్పడిన బెంగాల్ నాగపూర్ రైల్వే నాగపురమునుండి తూర్పునకు సాగి 1891 నాటికి అసన్‌సోలును చేరినది; ఆ మార్గమున బిలాస్‌పూరు ముఖ్యమైన కూడలి. తూర్పు తీరపు రైలుమార్గములో కటకమునుండి వాల్తేరువరకు గల భాగము 1902లో ఇదే సంస్థ చేతికి వచ్చినది. విజయనగరమునుండి పార్వతీపురము మీదుగ రాయపురమునకు మార్గము 1931లో పూర్తియైనది. ఒకే సంస్థ, ఒకే జీతపు పట్టీ, నడుమ తెగని ఇనుపదారి. విశాఖపట్టణము, విజయనగరము, శ్రీకాకుళము ప్రాంతముల పల్లెలనుండి కళాసీలుగను, ఫిట్టర్లుగను, పోర్టర్లుగను, గుమాస్తాలుగను తెలుగువారు ఖరగ్‌పూరు, రాయపురము, బిలాస్‌పూరు కాలనీలకు చేరుటకు ఇంతకంటె వేరు కారణము వెదకనక్కరలేదు. 1955లో అది సౌత్ ఈస్టర్న్ రైల్వేయైనది. 2003లో బిలాస్‌పూరు ప్రధానస్థానముగ సౌత్ ఈస్ట్ సెంట్రల్ రైల్వే వేరుపడినది.

ఈ కుటుంబముల గృహచరిత్రలో ప్రధానమైన విషయము క్వార్టరు. రెండు గదులు, ఒక వంటిల్లు, వెనుక చిన్న పెరడు. ఇది సంస్థ సొత్తు గావున దీనికి గది చేర్చు హక్కు నివాసికి లేదు. పెరటిలో రేకులు దించి సామాను పెట్టుకొనుట, ముందువైపు వెదురు తడిక కట్టి చోటు కలిసివచ్చునట్లు చేయుట వంటివి ఎల్ల కాలనీలయందును చూతుము. అవి తనిఖీ వచ్చువరకు నిలుచు కట్టడములు. పిల్లలు ముందుగదిలో చాపలమీద పెరిగిరి. చదువును, పడకయు, చుట్టముల రాకయు అదే గదిలో. పదోన్నతి వచ్చినచో పెద్ద క్వార్టరు వచ్చును. గదుల పెంపు అనునది వీరికి కట్టుటవలన గాక ఉత్తర్వువలన లభించినది. పదవీవిరమణానంతరము సామాన్యపు అద్దెమీద నాలుగు నెలలు, హెచ్చు అద్దెమీద మరికొన్ని నెలలు గడువు. పిదప తాళపుచెవి అప్పగింపవలెను. ముప్పది యేండ్లు నివసించిన ఇంటికి వెనుదిరిగి చూచు హక్కు కూడ ఉండదు.

కావున బిలాస్‌పూరు తెలుగువాడు ఇంటిని ఆలస్యముగ కట్టును. ఉద్యోగపు చివరి పదియేండ్లలో స్థలమును కొని, విరమణకు కొంచెము ముందో వెనుకో కట్టును. అర్పా నదికి సమీపముననున్న ఈ పట్టణము రైల్వే కాలనీనుండి దూరముగ పెరుగుచు, ఒకనాడు గ్రామములైన మంగ్లా, ఉస్లాపూరు వంటివానిని తనలో కలుపుకొన్నది. పొలములు ప్లాట్లుగ చీలిన ఇట్టి చోటులలో స్టేషనునకు దూరమైనను ధర అందుబాటులో నుండెను. మంగ్లా ఇల్లు సామాన్యముగ రెండు గదులు, వంటిల్లు, ముందొక వసారాతో మొదలగును. కొన్నియేండ్లకు మేడమీద ఒకటి రెండు గదులు లేచును. ఆ గదులు లేచు వేళయే విచిత్రము. పిల్లలు పాఠశాలలో నున్నప్పుడు, గది నిజముగ అవసరమైనప్పుడు, అవి లేవు. పెద్దవాడు చదువు ముగించి హైదరాబాదునకో, పుణెకో, బెంగుళూరునకో పోవు ముందటి సంవత్సరమున అవి సిద్ధమగును. ఇల్లు తన గరిష్ఠ పరిమాణమును పొందు దినము, అందలి జనసంఖ్య తగ్గుటకు ఆరంభమగు దినము ఇంచుమించు ఒక్కటే.

దీనిని తండ్రి మమకారముగ వర్ణించుట సులభము. కాని ధనము చేతికి వచ్చు క్రమమును చూచినచో మమకారము సగము కారణము మాత్రమే. కేంద్రోద్యోగులకు గృహనిర్మాణపు అడ్వాన్సు కలదు. 2017 నాటి నియమములనుబట్టి క్రొత్త ఇంటికి 34 నెలల మూలవేతనముగాని 25 లక్షల రూపాయలుగాని, ఏది తక్కువయో అది. ఉన్న ఇంటిని పెంచుటకు అదే 34 నెలల వేతనము, కాని 10 లక్షలకు మించరాదు. అసలు 180 వాయిదాలలోను, వడ్డీ 60 వాయిదాలలోను తీర్పవలెను. అనగా ఇరువది యేండ్లు. నలువదేండ్లకు తీసికొనినవాడు అరువదేండ్లకు ఋణవిముక్తుడగును. ఏబదేండ్లకు తీసికొనినవాని శేషము గ్రాట్యుటీనుండి పోవును. నలువదేండ్ల వయస్సున పిల్లల ఫీజులు జీతమును తినివేయుచుండగా క్వార్టరు తలదాచుచున్నప్పుడు ఇల్లు పెంచవలెనను తొందర యెవరికుండును? భవిష్యనిధి, గ్రాట్యుటీ ఒక్కసారి చేతికి వచ్చునప్పటికి పిల్లలు ప్రయాణమునకు సిద్ధముగ నుందురు. తరచుగ ఆ డబ్బుతోనే పెండ్లియు, ఆ డబ్బుతోనే మేడయు. సామెత క్రొత్త కారణముచేత మరల నిజమైనది.

ఆలస్యముగ చేర్చు గది కట్టడముగ కూడ కష్టము తెచ్చును. ఛత్తీస్‌గఢ్ రైతులు నేలను కన్హార్, డోర్సా, మటాసీ, భాఠా అని నాలుగు విధములుగ చెప్పుదురు. వీనిలో కన్హార్ నల్లరేగడి. వానకు ఉబ్బును, ఎండకు నెఱ్ఱెలిచ్చును. పాతగోడ పదియేండ్లలో దిగవలసినంత దిగి కుదురుకొన్నది. ప్రక్కను లేచిన క్రొత్తగోడ ఇక దిగవలసియున్నది. రెండింటిని గట్టిగ కలిపి పూత పూసినచో మొదటి రెండు వానకాలములలో అతుకువెంట నిలువుబీట తేలును. తెలిసిన మేస్త్రీ అచ్చట సన్నని సందు విడిచి, దానిని మెత్తని పదార్థముతో మూయును. తెలియనివాడు బీటను ప్రతి యేడు సిమెంటుతో పూడ్చుచుండును. మేడ సంగతి వేరు. క్రింది యంతస్తు కట్టినప్పుడే పునాదియు స్తంభములును రెండంతస్తుల బరువునకు లెక్కకట్టినవి కావలెను. పై గది మీద ఆశ గలవారు స్తంభపు ఊచలను కప్పుమీదికి విడిచిపెట్టుదురు. ఊచ వ్యాసమునకు సుమారు 50 రెట్లు, అనగా 12 మిల్లీమీటర్ల ఊచకు రెండడుగుల పొడవు మిగిలిననే క్రొత్త ఊచను జోడించుట సాధ్యము. వానిపై సిమెంటుపాలు పూసి, పేలవమైన కాంక్రీటుతో కప్పి ఉంచనిచో పదియేండ్ల వానలకు తుప్పుపట్టి సన్నబడును. నేటి భారతదేశపు పట్టణములన్నిటను కప్పులపై మొలచియున్న ఈ ఊచలు పిల్లలమీది అంచనాలు. కొన్ని అట్లే మిగిలిపోవును.

ఆ గది యెవరిది అను ప్రశ్నకు ఇంటిలోని సమాధానము, చట్టము సమాధానము చాలకాలము వేరుగ నుండెను. 1956 నాటి హిందూ వారసత్వ చట్టము తండ్రి స్వార్జితమున కూతురునకును సమభాగమిచ్చినది. రైల్వే జీతముతో కట్టిన ఇల్లు స్వార్జితమే. కాని అదే చట్టపు 23వ విభాగము నివాసగృహమునకు మినహాయింపు పెట్టినది: కుటుంబము నివసించుచున్న ఇంటిని, మగ వారసులు పంచుకొన నిశ్చయించు వరకు, ఆడ వారసులు పంచుమని అడుగరాదు. నివసించు హక్కైనను కూతురు అవివాహితయో, వితంతువో, భర్త విడిచినదియో, భర్తనుండి వేరుపడినదియో అయినప్పుడే. భర్తతో కాపురము చేయుచున్న కూతురునకు తండ్రి వీలునామా వ్రాయక మరణించిన పిదప ఆ ఇంట ఒక రాత్రి ఉండుటకు కూడ చట్టము హామీ ఈయలేదు. ఆమె పుట్టింట ఉండవలెనన్న దుఃఖపడియుండవలెను! ఆంధ్రప్రదేశమున 1985 సవరణ పిత్రార్జితమున కూతురునకు పుట్టుకతోడి హక్కునిచ్చినను అది ఆ రాష్ట్రపు చట్టము. అప్పటి మధ్యప్రదేశముననున్న బిలాస్‌పూరు తెలుగు ఆడపడుచునకు అది చెల్లలేదు. 2005 సెప్టెంబరు 9 నుండి అమలైన కేంద్ర సవరణ ఆ హక్కును ఎల్లరకు ఇచ్చి, 23వ విభాగమును తొలగించినది. మంగ్లా వంటి చోటుల ఇండ్లలో పెక్కింటి మేడలు ఈ మార్పునకు పిదపనే లేచినవి. వానిని కట్టిన తండ్రులలో ఎందరకు ఇది తెలియునో గాని, ఒక్క కొడుకు పేరనే గది కట్టితిమని చెప్పుట చట్టరీత్యా నేడు అర్థరహితము.

ఆచారము ఈ విషయమున చట్టముకంటె ముందున్నది. తెలుగు కూతురు పోవును, కాని నియతకాలములందు వచ్చును. పెండ్లియైన మొదటి ఆషాఢమున వచ్చును. మొదటి సంక్రాంతికి అల్లునితో వచ్చును. తొలి పురుటికి వచ్చి నెలలు ఉండును. పురిటిల్లు అను పదము భాషలో ప్రత్యేకముగ నిలుచుటకు ఇదియే కారణము. కొడుకునకు ఇట్టి రాకడల పట్టిక లేదు. సెలవు దొరికినప్పుడు వచ్చును. కావున పిల్లలు పోవుటకు ముందు చేర్చిన గది వాడుకలో కూతురి రాకడలకే ఎక్కువ పనికివచ్చుచున్నది. ఇరుగుపొరుగు ఛత్తీస్‌గఢీ కుటుంబములకును ఇట్టి పట్టిక కలదు. భాద్రపద శుక్ల తృతీయనాటి తీజాకు పెండ్లియైన కూతురును తండ్రియో అన్నయో పోయి తోడ్కొనివచ్చుట అచ్చటి దృఢాచారము. ఆ యిండ్లలో పర్ఛీ యనగా వసారా, కురియా యనగా చిన్న ఇల్లు లేక గది, కోఠా యనగా పశువుల శాల, బారీ యనగా పెరటితోట. కురియా అను మాటలోను తెలుగునందు వలెనే గది, ఇల్లు కలిసియుండుట గమనింపదగినది. వసారా, హిందీలోని ఓసారా ఒక్కటే యగుట అందరెరిగినదే. కమ్రా యనుట మాత్రము పోర్చుగీసునుండి వచ్చి ఉత్తరదేశమంతట వ్యాపించిన మాట; బిలాస్‌పూరు తెలుగు పిల్లల నోట గది స్థానమును అదియే ఆక్రమించుచున్నది.

ఇచ్చట కట్టువారి దృష్టికి రాదగిన విషయమొకటి. బాలింతకు మేడమెట్లు పనికిరావు. అరువదేండ్లు దాటిన తల్లి ఆ మెట్లు రోజునకు పదిసార్లు ఎక్కలేదు. రాకడలే గది ప్రయోజనమైనచో అది క్రిందనే, వసారాలోనికి తన సొంత ద్వారముతో ఉండవలెను. ఎత్తుటకంటె దించుట మేలైన సందర్భమిది. అయినను మేడయే ఎక్కువగ లేచుచున్నది. స్థలము చిన్నదగుట ఒక కారణము. వీధిలో కనబడుట రెండవది. దీనిని ఎవరును ఒప్పుకొనరు. 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేననుసరించి స్త్రీ యొక్కరికి సగటున సంతానము ఛత్తీస్‌గఢ్‌లో 1.8, ఆంధ్రప్రదేశ్‌లో 1.7. చాపమీద నలుగురు పడుకొన్న గదులనుండి, ఇద్దరు పిల్లలకు రెండు గదులు, ఆ ఇద్దరును ఊరలేని ఇండ్లవరకు రెండు తరములలో నడిచిన దూరము ఇందు కనబడును.

పద్ధతి మారగా పేర్లు ఏమైనవి? అమ్మాయి గది యను పేరు అమ్మాయి పోయిన పిదపనే స్థిరపడుచున్నది. ఆమె యున్నన్నాళ్ళు అది మేడగది. పుట్టిల్లు అను పదమునకును ఇదే లక్షణము కలదు. పెండ్లికి ముందు ఏ కన్యకును పుట్టిల్లు లేదు, ఇల్లే యున్నది; మెట్టినింట అడుగు పెట్టిన దినముననే విడిచివచ్చినది పుట్టిల్లగును. హిందీ మైకా తల్లినిబట్టి యేర్పడినది. తెలుగు పదము పుట్టుకనుబట్టి. ఉత్తరాంధ్రమునుండి వచ్చిన ఈ కుటుంబములలో కన్నవారిల్లు అను రూపము వినబడును, అందు తల్లిదండ్రు లిద్దరును కలరు. కొడుకు విడిచిపోయిన ఇంటికి భాషలో ప్రత్యేకమైన పేరు లేదు. పూర్వము అతడు విడిచిపోలేదు గనుక పేరు అక్కరలేకపోయెను. నేడు ఇద్దరును పోవుచున్నను ఒక్కరికే పేరున్నది.

ఖాళీ గదులు చాలకాలము ఖాళీగ నుండవు. బిలాస్‌పూరు ఉన్నతన్యాయస్థానము గల ఊరు. కోనీలో 2009 నుండి కేంద్రీయమైన గురు ఘాసీదాస్ విశ్వవిద్యాలయము కలదు. పోటీపరీక్షలకు చదువువారు వేరు. మేడగదిని ఇట్టివారికి అద్దెకిచ్చుట, ఒకరి పిల్లలకై కట్టిన గదిలో ఇంకొకరి పిల్లలు చదువుకొనుట సామాన్యమైనది. ఏడాదికి మించిన కౌలునకు 1908 నాటి చట్టము రిజిస్ట్రేషను కోరును గనుక ఒడంబడిక పదునొకండు నెలలకు వ్రాసికొందురు. అద్దెకీయని గది యొకటి మిగులును, అది క్రిందిది. అందు మంచమొకటి, బీరువాపై పాత పుస్తకముల పెట్టె యొకటి, మూలను మడిచిన ఉయ్యాల చట్రము.